ఎలుకలకు మందు పట్టే స్టీలు గావేజ్ సూది (16 గేజ్, 3 అంగుళాలు): అల్సర్ ప్రయోగాలకు ఎంతవరకు పనికొస్తుంది

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం కాలేజీల్లో హెచ్ఐవీ మందుల వల్ల ఎలుక పొట్టలో పుండ్లు పెరుగుతాయా, తగ్గుతాయా అని చూసే ప్రాజెక్టుకు ఐఏఈసీ (జంతు ప్రయోగాలకు కాలేజీ నీతి కమిటీ) అనుమతి తర్వాత మొదట కావాల్సింది మంచి సూది. ఇక్కడ చూస్తున్నది కొసన 3 మిల్లీమీటర్ల గుండు ఉన్న మామూలు స్టీలు సూదిని. 200 గ్రాముల విస్టార్ (ప్రయోగశాలల్లో వాడే తెల్ల జాతి) ఎలుకకు పొడవు సరిపోతుంది. నోటి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి, సూది మీద అంత దూరంలో మార్కర్‌తో గీత పెట్టుకోవాలి.

చూడాల్సింది గుండే. దాన్ని దూది మీద లాగితే ఒక్క పోగు కూడా చిక్కకూడదు. చిక్కిందంటే అతుకు గరుకుగా ఉందన్నమాట, అది అన్నవాహికను, పొట్ట ముందు భాగాన్ని గీరుతుంది. ఇండోమెథాసిన్ అనే నొప్పి మందుతో పుండ్లు తెప్పించే పద్ధతిలో ఈ గీరిన గీతను గుర్తుపట్టొచ్చు. ఆ మందు పుండ్లు గ్రంథులున్న భాగంలో, మడతల వెంట నల్లటి చారల్లా వస్తాయి. పైలోరస్ (పొట్ట నుంచి పేగులోకి దారి) కట్టే పద్ధతిలోనే చిక్కు. అందులో అసలు పుండ్లు వచ్చేది తెల్లగా ఉండే ముందు భాగంలోనే. సూది గీతనూ పుండుగా లెక్కేస్తే స్కోరంతా తప్పే. పాపం, నింద మందు మీద పడుతుంది.

హెచ్ఐవీ మందుల్లో ఒకటైన ఎఫావిరెంజ్ నీళ్లలో కరగదు. మనిషికి 600 మిల్లీగ్రాములు, బరువు 60 కిలోలనుకుంటే, మనిషి డోసును ఎలుక డోసుగా మార్చే 6.2తో గుణిస్తే ఎలుకకు కిలోకు 62 మిల్లీగ్రాములు. 200 గ్రాముల ఎలుకకు 12.4. దాన్ని 2 మిల్లీలీటర్లలో పట్టాలి, అంతకు మించొద్దు. మాత్రను నూరి జల్లించి, ముందు ఒక చుక్క ట్వీన్ 80తో (పొడిని నీళ్లలో కలిసేలా చేసే ద్రవం) తడపాలి. ఆ తర్వాతే 0.5 శాతం సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, చిక్కదనమిచ్చే పొడి) ద్రావణాన్ని కొంచెం కొంచెంగా కలపాలి. ఒక్కసారే పోస్తే ఉండకడుతుంది, సూది మూసుకుపోతుంది. అప్పుడు పిస్టన్ గట్టిగా నొక్కితే, లాక్ లేని సిరంజి నుంచి సూది ఊడి మందంతా చేతి మీద పడుతుంది. సూదిని తిప్పి బిగించే లూయర్ లాక్ సిరంజే వాడండి. ప్రతి ఎలుకకు ముందు సీసా ఊపాలి, లేకపోతే మందు అడుగుకు దిగి, చివరి ఎలుకకు డోసు ఎక్కువైపోతుంది. మే ఎండల్లో సీఎంసీ ద్రావణం త్వరగా పాడవుతుంది, ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి.

ఎఫావిరెంజ్ బదులు మరో హెచ్ఐవీ మందు డోలుటెగ్రవిర్ అయితే పోలికకు అల్సర్ మందు సుక్రాల్‌ఫేట్ పెట్టొద్దు. అందులోని అల్యూమినియం డోలుటెగ్రవిర్‌ను పట్టేసి ఒంటికి సరిగా ఎక్కనివ్వదు. ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ కిలోకు 20 మిల్లీగ్రాములు చాలు.

వాడిన వెంటనే వేడి నీళ్లు గుంజి వదలాలి, సీఎంసీ లోపల ఎండితే సన్న తీగకు కూడా రాదు. డెల్టా తేమకు ముందు పాడయ్యేది సిరంజికి తగిలే ఇత్తడి భాగమే. పూత లేచి, పచ్చ చిలుము కనిపించిందా, ఆ సూది పారేయండి.