కట్టుడు పళ్ల జిగురు: పట్టు సరే, వదిలేదెలా?

ఏళ్ల తరబడి కట్టుడు పళ్లను జిగురు క్రీముతో పెట్టుకుంటున్నవాడిగా ఆ క్రీము మీద నాకున్న కోపం ఒక్కటే. దాన్ని సెట్టుకు ఎలా పూసుకోవాలో గొట్టం మీద బొమ్మలు వేసి మరీ చూపిస్తారు. పట్టు ఎన్ని గంటలు నిలుస్తుందో పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. రాత్రి సెట్టు తీశాక అంగిలికి అంటుకుపోయిన బంకను ఎలా వదిలించుకోవాలో మాత్రం, కంటికి ఆనని అక్షరాలలో 'శుభ్రంగా కడుక్కోండి' అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. నేను రాయబోయేదంతా ఆ ఒక్క ముక్క గురించే అనుకున్నా తప్పులేదు.

పట్టు విషయంలో క్రీముకు వంక పెట్టలేను. ఇప్పటి క్రీములలో ఎక్కువగా పనిచేసేవి రెండు రకాల బంకలు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనేది తడి తగలగానే ఉబ్బి తొందరగా పట్టు ఇస్తుంది, అంతే తొందరగా కరిగిపోతుంది. మిథైల్ వినైల్ ఈథర్, మాలెయిక్ ఆమ్లం కలిసిన పాలిమర్ లవణాలు నెమ్మదిగా తడిని పీల్చుకుని ఎక్కువ గంటలు నిలుస్తాయి. ఈ రెండూ కలిసి ఉబ్బి సెట్టుకూ చిగురుకూ మధ్యనున్న సందును పూడ్చేయడం వల్ల గాలి చొరబడదు, ఆహారపు తునకలు కిందికి దూరవు. పై సెట్టుకైతే ఆనుకోవడానికి అంగిలి అంతా ఉంది. కింది సెట్టు పాపం లాడం ఆకారంలో, సన్నని చిగురు గట్టు మీద, నాలుక ప్రతి మాటకూ తోస్తూ ఉండగా కూర్చోవాలి. క్రీము పూసిన మొదటి రోజున 'స', 'ఫ' పలికినప్పుడు లోపల వినిపించే టక్కుమనే చప్పుడు ఆగిపోవడం, ఎదుటివారు గమనించకపోయినా, నాకు మాత్రం పోయిన గొంతు తిరిగి వచ్చినంత సంతోషాన్నిచ్చింది. కట్టుడు పళ్ల నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ప్రోస్థోడాంటిస్ట్స్ తరఫున 2011లో వెలువడిన మార్గదర్శకాలు కూడా, సరిగా వాడితే జిగురు వల్ల సెట్టు పట్టూ నిలకడా పెరుగుతాయని ఒప్పుకుంటూనే, ఒక్కో సెట్టుకు బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో చాలని, రోజూ దాన్ని పూర్తిగా తొలగించాలని చెబుతాయి. పూర్తిగా తొలగించాలన్న ఆ మాట దగ్గరే నా తగవు మొదలవుతుంది.

సెట్టు తీయడం ఒక ఎత్తు, క్రీము తీయడం ఒక ఎత్తు. సెట్టును అంచు దగ్గర పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిపి లోపలికి గాలి పోనిస్తే అది ఊడి వస్తుంది. క్రీములో కొంత దానితో వస్తుంది, మిగతాది అంగిలి మీదే ఉండిపోతుంది. అప్పుడు నీళ్లు పోసి పుక్కిలిస్తే, పనసకాయ కోసిన చేతిని నీళ్లతో కడిగినట్టే ఉంటుంది వ్యవహారం. కారణం వెతకడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఈ బంక చేత పని చేయించేదే తడి కాబట్టి, అదే తడితో దాన్ని వదిలించబోతే అది వదలడానికి బదులు ఇంకా ఉబ్బుతుంది, జారుడుగా తయారవుతుంది, తీగలు తీగలుగా సాగుతుంది. నాలుకతో నెడితే నాలుకకు అంటుకుంటుంది, వేలితో గీకితే వేలికి అంటుకుంటుంది. నిద్ర ముంచుకొస్తున్న వేళ అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడి ఈ పని చేయవలసి రావడం ఎంత చిరాకో, పళ్లున్నవారికి చెప్పినా అర్థం కాదు.

చివరికి నాకు కుదిరిన పద్ధతి ఇది. ముందుగా గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలిస్తాను. మామూలు నీటిలో ఉబ్బినంతగా ఈ రకం బంకలు ఉప్పునీటిలో ఉబ్బవు. తరువాత తడిపిన గాజుగుడ్డను చూపుడువేలికి చుట్టుకుని, అంగిలి ముందు భాగంలోని ముడతల సందుల్లో అడ్డంగా, మిగతా అంగిలి మీద వెనుక నుంచి ముందుకు లాగుతూ తుడుస్తాను. వెనక్కు తోస్తే డోకు వస్తుంది, ఊడిన బంక గొంతులోకి పోతుంది. గుడ్డ మడత మార్చి మళ్లీ ఒకసారి తుడిచి, నాలుకతో తడిమితే అంగిలి జారకుండా కొంచెం గరుకుగా తగలాలి, అదే గుర్తు. సెట్టుకు మెత్తటి బ్రష్షు, గోరువెచ్చని నీరు, కాస్త సబ్బు చాలు. టూత్‌పేస్టులోని రాపిడి పొడి సెట్టు తయారైన అక్రిలిక్ ప్లాస్టిక్ మీద గీతలు వేస్తుంది, మరిగే నీళ్లు సెట్టు ఆకారాన్నే వంకర చేస్తాయి, కనుక ఆ రెండింటి జోలికీ పోను.

ఈ పద్ధతి నాకు గొట్టం మీది సూచనల వల్ల రాలేదు, ఒక పుండు వల్ల వచ్చింది. కింది గట్టు మీద ఎడమవైపు సన్నగా నొప్పి మొదలై, నమలడమంతా కుడివైపుకు మారిపోయింది. ఒకవైపే నమిలితే సెట్టు రెండోవైపు లేస్తుంది, లేచిన సెట్టును ఆపడానికి మరికాస్త క్రీము కావలసి వస్తుంది, ఎక్కువ పూసిన క్రీము అంచుల వెంట బయటికి వచ్చి నోరంతా జిగటగా ఉంటుంది. సెట్టు విరిగిందో వంగిందో అనుకుని దంతవైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆమె నోరు చూసిన తరువాత సెట్టును చేతిలోకి తీసుకుని, దీపం కిందికి వంచి, లోపలి వైపు తడి ఆరేదాకా గాలి కొట్టారు. తడిగా ఉన్నంతసేపూ గులాబిరంగులో నున్నగా కనిపించిన చోట, ఆరిన తరువాత పసుపుపచ్చని పొర ఒకటి తేలింది. ఆమె సన్నని పరికరం కొనతో దాని అంచు లేపితే గోరంత ముక్క పెళుసుగా లేచి వచ్చింది.

"సెట్టుకేమీ కాలేదండీ, ఈ పొర వల్లే పుండు పడింది. మీరు రోజూ కడుగుతూనే ఉన్నారు గాని, అడుగున మిగిలిన క్రీమూ పాచీ కలిసి గట్టిపడిపోయాయి. కాగితమంత మందం చాలు, కొరుకుడు బరువంతా ఆ ఒక్క చోటే పడుతుంది," అని ఆమె చెప్పారు. పై సెట్టు ఆనే అంగిలి మీద ఎర్రదనం కూడా ఉందని చూపించి, సరిగా శుభ్రపడని సెట్టు కింద, ముఖ్యంగా రాత్రిపూట కూడా తీయకుండా ఉంచుకునేవారిలో, కాండిడా అనే శిలీంధ్రం చేరి ఇలాంటి ఎరుపును కలిగిస్తుందని, సెట్టు తీసి నీటిలో ఉంచి పడుకోవడం అందుకేనని వివరించారు. రాత్రిపూట నేను సెట్టు తీసే పడుకుంటాను. కాని సెట్టు నోట్లో లేని ఆ గంటలలో కూడా అంగిలికి బంక పూత అలాగే ఉంటే, చిగుళ్లకు దొరికిన విశ్రాంతి ఏపాటిది? గొట్టం తయారుచేసినవారు ఈ సంగతి ఒక బొమ్మలో చూపించి ఉండవచ్చు. పూసుకోవడానికి మూడు బొమ్మలు వేసినవారికి తుడుచుకోవడానికి ఒక బొమ్మ బరువా?

పొర తీసిన తరువాత ఆమె జిగురేమీ లేకుండా సెట్లను నోట్లో పెట్టి, వేళ్లతో ఒకవైపూ మరోవైపూ నొక్కి చూశారు. కింది సెట్టు ఊగింది, పై సెట్టు కూడా వెనుక భాగంలో వదులుగానే ఉంది. పళ్లు తీసేసిన తరువాత దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది. తొలి ఏడాది ఈ అరుగుదల ఎక్కువ, ఆ తరువాత వేగం తగ్గుతుంది గాని ఆగదు. కట్టుడు పళ్లు వాడేవారిని పాతికేళ్ల పాటు గమనించి టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో ప్రకటించిన పరిశీలనలో కింది దవడ గట్టు పై దవడ కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అరిగినట్టు తేలింది. అంటే చేయించుకున్న రోజున సరిగ్గా అమరిన సెట్టు, తాను మారకపోయినా, కాలం గడిచేకొద్దీ వదులవుతుంది. ఆమె రెండు సెట్లకూ రీలైనింగ్ చేశారు. లోపలి వైపు కొత్త అక్రిలిక్ పొర వేసి ఇప్పటి చిగురు ఆకారానికి సరిపెట్టడమే ఆ పని. అటు తరువాత పై సెట్టు జిగురు లేకుండానే నిలబడుతోంది. క్రీము గొప్పతనంగా నేను లెక్కవేసుకున్న పట్టులో, ముఖ్యంగా పై సెట్టు విషయంలో, చాలా భాగం అరిగిన ఎముక వదిలిన ఖాళీని నింపడమే తప్ప మరొకటి కాదని దీనితో తేలిపోయింది. మొదటి రోజు సంతోషం అబద్ధం కాదు గాని, అది కింది సెట్టు వరకే.

గుడ్డకు రానిది, సెట్టుకు అంటనిది ఎక్కడికి పోతుందన్నది ఆ తరువాత నన్ను పట్టుకున్న ప్రశ్న. పగలంతా క్రీము కొద్దికొద్దిగా కరిగి లాలాజలంతో పాటు కడుపులోకి పోతూనే ఉంటుంది, మింగకుండా ఉండే ఉపాయం లేదు. మితంగా వాడితే దీనివల్ల భయపడవలసింది లేదంటారు. మితం తప్పితే ఏమవుతుందో మాత్రం 2008లో 'న్యూరాలజీ' అనే వైద్యపత్రిక ప్రచురించిన నలుగురు రోగుల వివరాలు చూస్తే తెలుస్తుంది. వారు వాడిన క్రీములలో గ్రాముకు సుమారు 17 నుంచి 34 మిల్లీగ్రాముల జింకు ఉంది. 68 గ్రాముల గొట్టాలు వారానికి రెండో అంతకు మించో ఖర్చయ్యేవి. ఆ లెక్కన తక్కువ జింకు ఉన్న క్రీమే అనుకున్నా, పూసుకున్న దానిలోని జింకు రోజుకు 300 మిల్లీగ్రాములు దాటుతుంది. పెద్దవారికి అన్ని విధాలా కలిపి రోజుకు 40 మిల్లీగ్రాములు మించరాదని అమెరికాలో పెట్టుకున్న హద్దు. జింకు ఎక్కువైతే పేగు గోడలోని కణాలు మెటాలోథయోనిన్ అనే ప్రోటీనును అతిగా తయారుచేస్తాయి. అది రాగిని పట్టి ఉంచుతుంది, ఆ కణాలు రాలిపోయినప్పుడు వాటితో పాటు రాగి కూడా ఒంట్లోకి చేరకుండానే బయటికి పోతుంది. రాగి లోపిస్తే రక్తహీనత వస్తుంది, కాళ్లు చేతులు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. రక్తం సర్దుకున్నా నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

2010 ఫిబ్రవరిలో గ్లాక్సోస్మిత్‌క్లైన్ అనే మందుల కంపెనీ జింకు ఉన్న తన క్రీముల తయారీని తనంతట తానుగా ఆపేసింది. మరుసటి ఏడాది అమెరికా ఆహార ఔషధ సంస్థ తయారీదారులకు లేఖ రాసి, జింకుకు బదులు వేరే పదార్థం వాడే సంగతి ఆలోచించమంది. ఇప్పుడు నేను 'జింకు లేదు' అని రాసి ఉన్న గొట్టాన్నే తీసుకుంటున్నాను. రెండు సెట్లూ వాడేవారికి 68 గ్రాముల గొట్టం ఏడెనిమిది వారాలు రావాలన్నది మోతాదు సరిచూసుకోవడానికి పనికివచ్చే లెక్క. అంతకంటే బాగా ముందే అయిపోతున్నదంటే సందేహించవలసింది సెట్టు అమరికను.

అనుకోకుండా మేలు చేసింది జిగురు పౌడరు. సెట్టును తడిపి, లోపలి వైపు పలుచగా చల్లి, ఎక్కువైన పొడిని తట్టి రాల్చి, నోట్లో పెట్టుకుని కాసేపు నొక్కి ఉంచితే చాలు. రాత్రి దాన్ని తీసిన మొదటిసారి, ఇంకేదో మిగిలి ఉంటుందని అంగిలంతా వెతుక్కున్నాను. రెండు పుక్కిళ్లతో, ఒక్క తుడుపుతో పని అయిపోయింది. ఆ సులువు చూసి క్రీముకు శాశ్వతంగా సెలవు చెప్పేద్దామనుకున్నాను గాని, కింది సెట్టు ఒప్పుకోలేదు. వేడి పానీయం ఒకటి తాగేసరికి పౌడరు పట్టు పలుచబడుతుంది, మధ్యాహ్నానికి మళ్లీ ఆ టక్కుమనే చప్పుడు మొదలవుతుంది. పైగా నేను వాడే రక్తపోటు మాత్రల వల్ల నోరు తరచుగా పొడారిపోతుంది, తడి లేని నోట్లో పౌడరు సమంగా నానదు. కత్తిరించి అంటించుకునే పట్టీల గురించి చెప్పవలసింది తక్కువ. తీయడం అన్నింటికంటే తేలిక, కాని నా కింది గట్టు సన్నదనానికి వాటి మందమే ఇబ్బంది అయింది.

కాబట్టి కొనవచ్చునా అని ఎవరైనా అడిగితే నా నోటి సంగతులు తప్ప వేరే చెప్పలేను. నాది బాగా అరిగిన కింది గట్టు, పొడారే నోరు, నలుగురిలో మాట్లాడవలసిన పని. వేళ్లకు ఇంకా పట్టు ఉంది కనుక గుడ్డతో తుడుచుకోగలుగుతున్నాను. చేతులు వణికేవారికి, ఇంకొకరి చేత శుభ్రం చేయించుకునేవారికి క్రీము ఇవ్వాలంటే నేను చాలా ఆలోచిస్తాను. పళ్లు తీసిన గాయాలు ఇంకా మానని నోటికి ఏ జిగురైనా వైద్యుల మాట మీదే వాడాలి. నా మటుకు ప్రస్తుతం పై సెట్టుకు ఏమీ లేదు, కింది సెట్టుకు పొద్దున క్రీము చిన్న చుక్కలు రెండు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పని లేని రోజున దాని బదులు పౌడరు. ఆ రెండు చుక్కలు చాలక మూడో చుక్క కావలసి వస్తే కొత్త క్రీము వెతకబోను, సెట్టు పట్టుకుని మళ్లీ దంతవైద్యురాలి దగ్గరికే వెళ్తాను.