రేణిగుంట దారిలో ఫ్లైటుకు ముందు భోజనం: మా 809 రూపాయల బిల్లు

తిరుపతి నుంచి విమానం ఎక్కేవాళ్లు, అందులోనూ పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు, దారిలో ఏదో ఒక ఏసీ రెస్టారెంటులో తినేద్దాంలే అని మాత్రం అనుకోకండి. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

దర్శనం, గది అన్నీ సాఫీగా జరిగిపోయాయి. కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చున్న కాసేపటికే వేడన్నం, సాంబారు, రసం, చక్కెర పొంగలి వడ్డించారు. పైసా తీసుకోలేదు. అత్తయ్య కడుపునిండా తిన్నారు.

మర్నాడు హైదరాబాద్ ఫ్లైటు. విమానాశ్రయం ఊళ్లో కాదు, రేణిగుంట దగ్గర, సుమారు 15 కిలోమీటర్లు. టైముంది కదా అని ఆ రోడ్డు మీదే ఒక పెద్ద రెస్టారెంటులో కూర్చున్నాం. మాకు రెండు మీల్స్, అత్తయ్యకు పెరుగన్నం. ఆవిడకు షుగరు. పది నిమిషాల్లో వచ్చేస్తుందంటే మాత్ర వేసేసుకున్నారు. వచ్చేసరికి నలభై నిమిషాలు! పైన దానిమ్మ గింజలు, వేయించిన జీడిపప్పు బాగానే చల్లారు. కింద అన్నం ఫ్రిజ్‌లోంచి తీసిందే, గడ్డకట్టి స్పూను దిగలేదు. "పెరుగన్నం చల్లగానే ఉంటుందండీ" అన్నాడు సూపర్‌వైజరు. అప్పటికే అత్తయ్యకు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. మా ఆయన కారు దగ్గరికి పరుగెత్తి ప్రసాదం సంచి తెచ్చి, లడ్డూ ముక్క నోట్లో పెట్టాక తేరుకున్నారు.

ఇక బిల్లు. మీల్స్ 250 చొప్పున 500, పెరుగన్నం 160, నీళ్ల సీసా 40. మొత్తం 700. దాని మీద సర్వీస్ ఛార్జీ 70, ఆ 70ని కూడా కలిపి 5 శాతం జీఎస్టీ. అంతా 809 రూపాయలు. ఏం సర్వీసు చేశారని?

సర్వీస్ ఛార్జీని అడక్కుండా బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అది సరైనదేనంది. ఇదే చెబితే "మా రూల్ మేడమ్" అన్నారు. 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైనుకి, ఫోన్ కలుపుతున్నానని చూపించాకే కొత్త బిల్లు వచ్చింది: 735. వడ్డించిన కుర్రాడి తప్పేం లేదు, 50 రూపాయలు అతని చేతికే ఇచ్చాం.

ఈ రగడతో మా ఆయన దారంతా నోరు విప్పలేదు. బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందే మూసేస్తారని ఆయన కంగారు.

తినాలంటే తిరుపతిలోనే తినేసి బయల్దేరండి, లేదా పులిహోర, ఇడ్లీ కట్టించుకోండి. షుగరున్నవాళ్లు అన్నం ఎదురుగా వచ్చాకే మాత్ర వేసుకోవాలి. తప్పక హోటల్లోనే కూర్చోవాల్సి వస్తే, కార్డు ఇచ్చేముందు జీఎస్టీకి పైన ఏం రాశారో చదవండి.