కెమెరా కోర్సుకు ఫీజు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వైపు గోడల మీదా, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లోనూ "మూడు నెలల్లో సినిమాటోగ్రాఫర్ అవ్వండి" అన్న మాట చూసి, ఇంట్లోవాళ్లను ఒప్పించి ఫీజు కట్టడానికి సిద్ధపడుతున్న తోటి విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. అలాంటి ఒక సంస్థలో 75,000 రూపాయలు పూర్తిగా చెల్లించి, కోర్సు ముగిసేదాకా ఉండి బయటికి వచ్చినవాడిని నేను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందువల్ల ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే ఇదే తరహా అనుభవాన్ని వేరే చోట్ల చదివిన మిత్రులు కూడా చెప్పారు కాబట్టి, పేరు కన్నా వాళ్ల పద్ధతి తెలుసుకోవడమే మీకు ఎక్కువగా పనికొస్తుంది.

చేర్చుకునేటప్పుడు వాళ్లు చెప్పినవి నాలుగు విషయాలు: సినిమాలకు వాడే కెమెరాల మీద ప్రత్యక్ష శిక్షణ, పరిశ్రమలో పనిచేస్తున్న ఛాయాగ్రాహకుల తరగతులు, చివర్లో ప్రతి విద్యార్థికీ ఒక లఘుచిత్రం, ఆపైన యూనియన్ కార్డు (సినిమా కార్మిక సంఘం సభ్యత్వం). డెమో రోజున బల్ల మీద నిజంగానే ఒక మంచి సినిమా కెమెరా, పెద్ద లెన్సులు, మానిటర్ పెట్టి చూపించారు. అవి ఆ ఒక్క రోజుకు అద్దెకు తెచ్చినవని తరగతులు మొదలయ్యాక తెలిసింది. ఆ తర్వాత మాకు కనిపించినది పాతబడిన ఒక డీఎస్ఎల్ఆర్, దానికి కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు ఒక్కటే. మా బ్యాచ్‌లో దాదాపు ముప్పై మంది ఉండేవాళ్లం. రెండు గంటల తరగతిలో ముప్పై మందికి ఒక్క కెమెరా అంటే, మాటలకూ సర్దుబాట్లకూ క్షణం కూడా పోకుండా లెక్కవేసినా మనిషికి దక్కేది నాలుగు నిమిషాలు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పడం అంటే ఇదే. చాలా తరగతుల్లో ఆ నాలుగు నిమిషాలు కూడా లేవు. ప్రొజెక్టర్ మీద సినిమా దృశ్యాలు వేసి, ఇది క్లోజప్, ఇది మిడ్ షాట్, ఇది ఓవర్ ది షోల్డర్ అని పేర్లు చెప్పించడంతోనే సమయం గడిచిపోయేది. షాట్ల పేర్లు ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలరు. వాటి కోసం ఎవరూ ఇంత డబ్బు కట్టరు.

నా అసలు బాధ కెమెరా దక్కకపోవడం ఒక్కటే కాదు, దక్కిన కాసేపట్లో తప్పు నేర్పడం. ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మన దేశంలో కెమెరా పట్టే ప్రతి విద్యార్థికీ మొదటి వారంలోనే తెలియవలసిన విషయం. ట్యూబ్‌లైట్లున్న గదిలో ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశం తీయమన్నారు. కెమెరా మెనూలో వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా లాంటి దేశాల పద్ధతి) ఉంది, సెకనుకు 30 ఫ్రేములు, షట్టర్ వేగం (ఒక్కో ఫ్రేములోకి వెలుగు పడే సమయం) 1/60 సెకను. చిన్న తెర మీద అంతా బాగానే కనిపించింది. ఫుటేజ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే గోడ మీద నల్లటి చారలు కింది నుంచి పైకి పాకుతున్నాయి, ముఖాల మీద వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంది. కారణం అడిగితే, "అది ఎడిటింగ్‌లో పోతుంది" అని బోధకుడు చెప్పి ముందుకు వెళ్లిపోయారు. చాలా సందర్భాల్లో అది పూర్తిగా పోదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. దాని మీద వెలిగే మామూలు ట్యూబ్‌లైట్లూ, చవక ఎల్ఈడీ దీపాలూ సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. షట్టర్‌ను 1/50 దగ్గర ఉంచితే ప్రతి ఫ్రేములోకీ సరిగ్గా రెండు మినుకులు పడతాయి కాబట్టి వెలుగు నిలకడగా ఉంటుంది. 1/60 పెడితే ఆ లెక్క కుదరక ఫ్రేముకూ ఫ్రేముకూ తేడా వస్తుంది. కరెంటు 60 హెర్ట్‌జ్ ఉండే అమెరికా లాంటి దేశాల్లో 1/60 సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. మెనూలో మన దేశపు పాల్ పద్ధతికి మారి, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే సమస్యే ఉండదు. 24 ఫ్రేములతో తీసినా షట్టర్ 1/50 ఉంటే చాలు. రెండు నిమిషాల్లో చెప్పగలిగిన ఈ సంగతి చెప్పకపోవడం వల్ల మా బ్యాచ్‌లో గది లోపల తీసిన అభ్యాసాలు దాదాపు అన్నీ పాడయ్యాయి.

బయట తీసినప్పుడు కూడా ఇలాగే జరిగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో నేపథ్యం మసకగా రావాలంటే అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) బాగా తెరవాలని చెప్పారు, అది నిజమే. అలా తెరిచాక వెలుగు ఎక్కువైతే షట్టర్ వేగం 1/2000 దాకా పెంచేయమన్నారు. ఫోటోకు అది సరైన సలహా. వీడియోకు మాత్రం పరుగెత్తే మనిషి కాళ్లు ముక్కలు ముక్కలుగా, కుదుపులతో కదిలినట్టు కనిపిస్తాయి. కదలిక కంటికి సహజంగా అనిపించాలంటే షట్టర్ సమయం ఒక ఫ్రేము సమయంలో సుమారు సగం ఉండాలి, పరిశ్రమలో దీన్నే 180 డిగ్రీల షట్టర్ అంటారు. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గర, షట్టర్ 1/50 ఉంచితే గట్టి ఎండలో సరైన అపర్చర్ సుమారు ఎఫ్ 22 వస్తుంది. ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, కాబట్టి అక్కడి నుంచి ఎఫ్ 2.8కు రావాలంటే ఆరు స్టాపుల వెలుగు తగ్గించాలి (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). దానికే లెన్సు ముందు పెట్టే నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ వాడతారు, ఆరు స్టాపులకు ఎన్‌డీ 64. ఎండలు దంచే మన ఊళ్లలో బయట తీసే విద్యార్థికి లెన్సు తర్వాత మొదట కొనవలసిన వస్తువు అదే అని నా అభిప్రాయం. కోర్సు మొత్తంలో ఎన్‌డీ ఫిల్టర్ అన్న మాట ఒక స్లైడులో ఒకసారి కనిపించింది, వస్తువు కనిపించలేదు.

ప్యాన్ (కెమెరాను పక్కకు తిప్పుతూ తీయడం) నేర్పడానికి ఫోటోలకు వాడే తేలికపాటి ట్రైపాడ్ ఇచ్చారు, దానికి అన్ని వైపులా తిరిగే బాల్ హెడ్. దాని మీద కెమెరాను ఎంత జాగ్రత్తగా తిప్పినా మొదట్లో ఒక కుదుపు, ఆపేటప్పుడు మరో కుదుపు తప్పవు, పైగా క్షితిజరేఖ పక్కకు ఒరిగిపోతుంది. కుదుపు లేకుండా తిరిగే ఫ్లూయిడ్ హెడ్ మీద ఒకసారి చేయి వేసినవాళ్లకు తేడా వెంటనే అర్థమవుతుంది. ఆ లోపాన్ని మా చేతులకు అంటగట్టి, చేయి వణుకుతోందనీ, కెమెరాను నిలకడగా ఉంచే గింబల్ కొనుక్కోమనీ సలహా ఇచ్చారు. ఆ గింబళ్లు అమ్మే దుకాణం పేరు కూడా వాళ్లే చెప్పారు. మా బ్యాచ్‌లో అప్పు చేసి మరీ కొన్న అబ్బాయి ఒకడున్నాడు. నేర్చుకునే దశలో కెమెరాను కదపడం కన్నా కదపకుండా ఉంచి ఎక్కడ పెట్టాలో ఆలోచించడమే కష్టమైన పని, అదే ముందుగా నేర్పవలసిన పని. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఊహారేఖ గీసుకుని, కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉండేలా సన్నివేశం మొత్తం తీసి, కూర్చి చూపిస్తే, చూపులు ఎందుకు కలుస్తాయో, గీత దాటితే ఎందుకు చెదురుతాయో విద్యార్థికి జన్మలో మరచిపోని విధంగా అర్థమవుతుంది. మాకు దాని బొమ్మ బోర్డు మీద వేసి వదిలేశారు.

"ప్రాక్టికల్ ఎక్స్‌పోజర్" అన్న పేరుతో జరిగినది మరింత అన్యాయం. ఆ సంస్థ యాజమాన్యానికి పెళ్లిళ్లు చిత్రీకరించే వ్యాపారం కూడా ఉంది. ముహూర్తాల రోజుల్లో మమ్మల్ని ఫంక్షన్ హాళ్లకు పంపి లైట్లు పట్టించారు, వైర్లు చుట్టించారు, తెల్లవారుజాము ముహూర్తాలకు రాత్రంతా నిలబెట్టారు. కెమెరా మాత్రం వాళ్ల ఉద్యోగుల చేతిలోనే ఉండేది. పైసా ఇవ్వలేదు, కొన్నిచోట్ల తిరుగు ప్రయాణం ఖర్చు కూడా మాదే. పని చేస్తూ నేర్చుకోవడం ఈ రంగంలో గౌరవప్రదమైన దారి, అసిస్టెంట్లుగా లైట్లు మోసి పైకి వచ్చిన ఛాయాగ్రాహకులు మన పరిశ్రమలో ఎందరో ఉన్నారు. కానీ ఫీజు కట్టిన విద్యార్థి చేత జీతం లేని పని చేయించి, దాన్ని శిక్షణ గంటల లెక్కలో రాసుకోవడం వేరు. మా హాజరు పట్టీలో ఆ రాత్రులన్నీ "కెమెరా ప్రాక్టికల్" అని నమోదయ్యాయి.

సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి. ప్రకటనలో "ప్రభుత్వ గుర్తింపు పొందిన డిప్లొమా" అని ఉంది. ఆ గుర్తింపు ఏమిటని పట్టుబట్టి అడిగితే చూపించినది ఉద్యమ్ నమోదు పత్రం. అది చిన్న వ్యాపారంగా పేరు నమోదు చేసుకున్నారని చెప్పే కాగితం, అక్కడి పాఠ్యాంశాలతో గానీ బోధన నాణ్యతతో గానీ దానికి సంబంధం లేదు. గోడకు తగిలించే ఐఎస్ఓ పత్రమైనా సర్టిఫికెట్ విలువను పెంచదు. మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలకూ, చట్టం అనుమతించిన సంస్థలకూ మాత్రమే ఉంది. యూనియన్ కార్డు సంగతి ఇంకా స్పష్టం. సభ్యత్వం ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయా క్రాఫ్ట్ (సినిమా విభాగాల) సంఘాల చేతిలో ఉంటుంది, కోర్సు అమ్మే సంస్థ చేతిలో ఉండదు. కార్డు ఇప్పిస్తామని ఎవరైనా చెబితే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. మా సంస్థ అందుకు ఒప్పుకోలేదు.

ఫీజు కట్టే ముందు అడగవలసినవి చాలా ఉన్నా, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కటే: నా చేతిలో కెమెరా మొత్తం ఎన్ని గంటలు ఉంటుంది, ఆ సమయంలో ఒక్కో కెమెరాకు ఎంతమంది ఉంటారు? ఈ జవాబు కెమెరా మోడల్ పేరుతో సహా రాతలో ఇవ్వని చోట చేరవద్దు. తర్వాత, ఇప్పుడు చదువుతున్న బ్యాచ్ విద్యార్థులు తీసిన ముడి ఫుటేజ్ చూపించమనండి. సంగీతం కలిపి రంగులద్దిన షోరీల్ కాదు, కెమెరా నుంచి వచ్చినది వచ్చినట్టుగా ఉన్నదే అడగండి. అందులో ఫోకస్ ఎక్కడ తప్పింది, షాట్ మధ్యలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా చేసే సర్దుబాటు) ఎందుకు మారిందని విద్యార్థికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారో లేదో కనుక్కోండి. తీసినదాన్ని మరుసటి రోజు తెర మీద వేసి ఒక్కో షాట్ గురించి మాట్లాడే తరగతి లేకపోతే ఎంత మంచి కెమెరా ఇచ్చినా చదువు సాగదు. బోధకుడిని కలిసే అవకాశం ఉంటే కెమెరా పైభాగంలో ఉండే, సున్నా మీద అడ్డగీత గీసినట్టున్న గుర్తు ఎందుకో మర్యాదగా అడగండి. సెన్సర్ ఉండే స్థానం అది. ఫోకస్ చూసే అసిస్టెంట్ నటుడి దాకా టేపు పెట్టి దూరం కొలిచేది అక్కడి నుంచే. సెట్‌లో పనిచేసినవారెవరికైనా అది వెంటనే తెలుస్తుంది.

పద్ధతిగా చదవాలనుకునేవాళ్లకు దారులు లేకపోలేదు. పుణేలో 1960లో ఏర్పడిన ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా), కోల్‌కతాలో 1995లో మొదలైన సత్యజిత్ రే సంస్థ కేంద్ర సమాచార ప్రసార శాఖ కింద నడుస్తున్నాయి. ప్రవేశ పరీక్ష ఉంటుంది, సీట్లు తక్కువ, కష్టమే. ఎఫ్‌టీఐఐ స్వల్పకాలిక కోర్సులు కూడా నిర్వహిస్తుంది, వాటి ప్రకటనలను ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. చెన్నైలో తమిళనాడు ప్రభుత్వపు ఎం.జి.ఆర్. చలనచిత్ర సంస్థ ఉంది. ఇవేవీ కుదరకపోతే, నలుగురు మిత్రులు కలిసి అదే డబ్బులో కొంత పెట్టి కెమెరా, ఫ్లూయిడ్ హెడ్ ఉన్న ట్రైపాడ్ వారాంతాల్లో అద్దెకు తెచ్చుకుని, కిటికీ వెలుగులో ఒక మనిషిని కూర్చోబెట్టి తీయడం మొదలుపెట్టవచ్చు. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు: కిటికీ పగటి వెలుగు సుమారు 5600 కెల్విన్, గదిలో పాతరకం బల్బు సుమారు 2800 కెల్విన్. రెండూ ఒకే ముఖం మీద పడితే ఏమవుతుందో ఒక మధ్యాహ్నం స్వయంగా తీసి చూసుకుంటే, మాకు ఒక వారం పాటు చెప్పినదాని కన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పటికే చేరి ఇబ్బంది పడుతున్నవాళ్లు ఆలస్యం చేయకండి. ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్‌లో ఇచ్చిన హామీలు, యూపీఐ చెల్లింపుల వివరాలు, హాజరు వివరాలు అన్నీ భద్రపరచండి. నా ఫీజులో కొంత భాగం వ్యక్తిగత ఖాతాకు పంపించుకుని, మిగిలినదానికి మాత్రమే రసీదు ఇచ్చారు. ఇలా అడిగితే మీరు పూర్తి మొత్తానికి రసీదు పట్టుబట్టండి. జీఎస్టీ పేరుతో అదనంగా వసూలు చేస్తే రసీదు మీద 15 అక్షరాల జీఎస్టీ సంఖ్య ఉండాలి. తెలంగాణలో నమోదైతే అది 36తో, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైతే 37తో మొదలవుతుంది, అది ఎవరి పేరు మీద ఉందో జీఎస్టీ పోర్టల్‌లో చూడవచ్చు. నమోదు లేనివారికి ఆ పన్ను వసూలు చేసే హక్కే లేదు. "ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు" అన్న షరతు మీద సంతకం చేయించుకున్నారని వెనకడుగు వేయకండి. ప్రైవేటు శిక్షణ సంస్థల చేత వినియోగదారుల కమిషన్లు ఫీజు తిరిగి ఇప్పించిన సందర్భాలు ఉన్నాయి. మొదట సంస్థకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. నేను నోటీసు పంపాక సంస్థవాళ్లు ఫోన్ చేసి, ఫిర్యాదు మానుకుంటే తర్వాతి బ్యాచ్‌లో ఉచితంగా కూర్చోనిస్తామన్నారు. ఒప్పుకోలేదు. మా బ్యాచ్‌లో మరికొందరు కూడా తమ రసీదులతో ముందుకు వచ్చారు, ఫిర్యాదులు విడివిడిగా వేస్తున్నాం.