హ్యాచ్‌బ్యాక్, సెడాన్‌ల ధరలు పోల్చుకుంటున్నవారికి హెచ్చరిక: షోరూం నోటిమాటగా చెప్పే తేడాను నమ్మకండి

హైదరాబాదులో ఒకే చిన్న కారును హ్యాచ్‌బ్యాక్‌గా (డిక్కీ విడిగా బయటకు రాకుండా వెనుక తలుపుతోనే ముగిసే రూపం) కొనాలా, వెనుక విడిగా డిక్కీ ఉన్న సెడాన్‌గా కొనాలా అని ఆలోచిస్తున్నవారు, రెండింటికీ విడివిడిగా ప్రింట్ చేసిన ఆన్‌రోడ్ (పన్నులు, బీమా అన్నీ కలిపిన ధర) కొటేషన్ చేతికి రానిదే ఒక్క రూపాయి కూడా అడ్వాన్సుగా కట్టవద్దని మనవి. నగరంలోని ఒక షోరూంలో మా కుటుంబానికి జరిగినది మరొకరికి జరగకూడదనే ఇది రాస్తున్నాను.

రెండింటి మధ్య తేడా యాభై వేలు మాత్రమేనని సేల్స్ ప్రతినిధి పదేపదే చెప్పారు. అడ్వాన్సు కడితే తప్ప పూర్తి కొటేషన్ ఇవ్వడం కుదరదన్నారు. కట్టిన తర్వాత ఇచ్చిన కాగితం చూస్తే, హ్యాచ్‌బ్యాక్‌లో ఒక మెట్టు పైనున్న వేరియంట్‌ను, సెడాన్‌లో ఒక మెట్టు కిందనున్న వేరియంట్‌ను పక్కపక్కన పెట్టి, కేవలం ఎక్స్‌షోరూం (లైఫ్ టాక్స్, బీమా కలపని) ధరలను పోల్చి ఆ యాభై వేల లెక్క చెప్పారని అర్థమైంది. అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్, అదే స్థాయి వేరియంట్ తీసుకుని ఆన్‌రోడ్ లెక్క కట్టించేసరికి తేడా లక్షన్నర దాటింది.

ఎందుకింత అని అడిగితే సెడాన్‌కు జీఎస్టీ ఎక్కువని చెప్పారు. ఇది పూర్తిగా తప్పు. పొడవు 4,000 మిల్లీమీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజిన్ 1,200 సీసీ లోపు ఉంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి హ్యాచ్‌బ్యాక్‌కైనా సెడాన్‌కైనా జీఎస్టీ 18 శాతమే. డిజైర్, ఆరా, టిగోర్ వంటి చిన్న సెడాన్‌లను ఆ నాలుగు మీటర్ల లోపు కుదించి తయారు చేసేదే ఈ పన్ను ప్రయోజనం కోసం. కాబట్టి తేడాకు కారణం కంపెనీ నిర్ణయించిన ధరే తప్ప జీఎస్టీ రేటు కాదు.

ఆ ధర తేడాపై భారం లైఫ్ టాక్స్ (రిజిస్ట్రేషన్ సమయంలో ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) దగ్గర ఇంకా పెరుగుతుంది. తెలంగాణలో అయిదు నుంచి పది లక్షల మధ్య ధర ఉన్న సొంత కారుకు 14 శాతం కట్టాలి. అంటే ఎక్స్‌షోరూం ధరలో లక్ష పెరిగితే పన్ను రూపంలోనే మరో 14 వేలు పెరుగుతాయి. మీ పేరిట ఇప్పటికే ఒక కారు ఉంటే ఇంకో 2 శాతం అదనం. సెడాన్ పై వేరియంట్ పది లక్షలు దాటితే మొత్తం ధరపై పెద్ద శ్లాబు వర్తిస్తుంది, దానికి తోడు ఒక శాతం టీసీఎస్ (అమ్మేవారు కొనేవారి నుంచి ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను) కూడా కట్టించుకుంటారు. టీసీఎస్‌ను ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, డెలివరీ నాటికి ఆ డబ్బు చేతిలో ఉండాలి. ఈ విషయాలేవీ మాకు ముందుగా చెప్పలేదు.

ఇన్సూరెన్స్‌లోనూ అదే ధోరణి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్‌పార్టీ బీమా 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. కానీ దాన్ని షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు. అదే ఐడీవీకి (బీమాలో లెక్కించే కారు విలువకు), అదే కవరేజీకి బయట అడిగితే ప్రీమియం చాలా తక్కువ వచ్చింది. యాక్సెసరీస్ ప్యాకేజీ, హ్యాండ్లింగ్ చార్జీలు కూడా అడగకుండానే కలిపారు. అడిగినవారికి మాత్రమే వాటిని తీసేస్తున్నారని నా అభిప్రాయం.

ఇక డిక్కీ సంగతి. ఉదాహరణకు హ్యాచ్‌బ్యాక్ అయిన స్విఫ్ట్‌లో 265 లీటర్ల చోటు ఉంటే డిజైర్‌లో 382 లీటర్లు ఉంది. సంక్రాంతికి నలుగురి సామానుతో ఊరికి వెళ్లేవారికి ఇది నిజంగా ఉపయోగమే. అయితే రెండింటి వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 2,450 మిల్లీమీటర్లే కనుక, సెడాన్ అనగానే వెనుక సీటు విశాలమవుతుందన్న మాటను కూర్చుని చూడకుండా ఒప్పుకోకండి. ఇంట్లో పొడవైనవారిని తీసుకెళ్లి, వెనుక తల పైకప్పుకు తగులుతుందేమో కూడా చూడండి. సీఎన్‌జీ ఆలోచన ఉంటే మరింత జాగ్రత్త అవసరం. ఒకే పెద్ద సిలిండర్ డిక్కీలో కూర్చుంటే, ఏ చోటు కోసం అదనంగా డబ్బు పెట్టారో ఆ చోటే పోతుంది. టిగోర్‌లో లాగా రెండు చిన్న సిలిండర్లు అడుగున అమర్చిన కార్లలో కొంత మేలు. మాకు టెస్ట్ డ్రైవ్‌కు హ్యాచ్‌బ్యాక్ మాత్రమే ఇచ్చి, సెడాన్ కూడా అచ్చంగా ఇలాగే ఉంటుందన్నారు.

బుకింగ్ రద్దు చేయమంటే అడ్వాన్సులో కొంత కోత పెట్టి మిగిలింది ఇస్తామంటున్నారు. రద్దు రుసుము గురించి రసీదులో ఒక్క అక్షరం లేదు. షోరూం మేనేజరుకు ఈమెయిల్ ద్వారా రాతపూర్వకంగా తెలియజేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాము. ఇలాగే అడ్వాన్సు చిక్కుకున్నవారు రసీదు, కొటేషన్, వాట్సాప్ సంభాషణలు చెరిపేయకుండా దాచుకుని అదే నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.