12 మీటర్ల కోసం హైదరాబాద్‌లో నాలుగు రోజులు

గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయాథ్లాన్‌కి (ఈత, సైకిల్, పరుగు వరుసగా ఉండే రేసు, 70.3 అంటే మొత్తం మైళ్లు) పేరిచ్చాక నాకు భయం వేసింది ఈత గురించి కాదు, సైకిల్ గురించి. 1.9 కిలోమీటర్ల ఈత అయ్యాక 90 కిలోమీటర్లు తొక్కాలి, ఆ తర్వాత 21.1 పరుగెత్తాలి. ఆ 90లో ముందువాడి వెనక నక్కి గాలి తప్పించుకుంటే డ్రాఫ్టింగ్ కింద లెక్క, అది తప్పు. అతని ముందు చక్రానికీ నా ముందు చక్రానికీ మధ్య 12 మీటర్లు ఉండాలి. దాటాలంటే ఆ 12 మీటర్లలోకి వెళ్లిన 25 సెకన్లలో దాటెయ్యాలి. దొరికితే పెనాల్టీ టెంట్‌లో 5 నిమిషాలు. విజయవాడలో మా గ్యాంగ్ అలవాటేమో ఒకరి వీల్ ఒకరు పట్టుకుని, అంటే ముందు సైకిల్ వెనకే ఆనుకుని, పోవడం. అది వదిలించుకుందామనే ఈ ప్రయాణం.

ఆరంభమే అపశకునం. బస్సు డిక్కీలో సైకిల్ మీద ఎవరివో మూటలు పడ్డాయి. గచ్చిబౌలిలో దిగి చూస్తే వెనక గేర్లు మార్చే భాగాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోయింది. రిపేరు కుర్రాడు చూసి, "గేర్ల దిక్కు కిందికేసి పండబెట్టిన్రు అన్నా, గిట్లనే అయితది" అన్నాడు. పావుగంటలో సరిచేశాడు. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను.

మొదటి రాత్రి ఉన్న లాడ్జిలో సైకిల్‌ని లిఫ్టులోకి రానివ్వలేదు, కింద వాచ్‌మన్ దగ్గర పెట్టమన్నారు. నిద్ర పట్టలేదు. మర్నాడే నార్సింగిలో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాను. అద్దె ఎక్కువే, కానీ సైకిల్ మంచం పక్కన పెట్టుకోవచ్చు, చిన్న వంటిల్లు ఉంది, తెల్లారి నాలుగున్నరకి అటుకులు నానబెట్టుకోవచ్చు. నాకు ఇంకేం అక్కర్లేదు.

ప్రాక్టీసుకి వెళ్లిన సైకిల్ ట్రాక్ గురించి చెప్పాలి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్లు వేశారు, 2023 అక్టోబర్‌లో తెరిచారు. బండ్ల భయం లేదు. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో 12 మీటర్లంటే ఒకటిన్నర సెకను కూడా కాదు. మా బావ ముందు తొక్కుతుంటే, అతను ఒక స్తంభం దాటిన క్షణం నుంచి నేను దాటేదాకా లెక్కపెట్టేవాణ్ణి. "ఒకటీ..." పూర్తయ్యేలోపే నేను దాటేస్తే దగ్గరికి వచ్చేసినట్టే. మధ్యలో ఆరు సైకిళ్లు పట్టేంత ఖాళీ అని తెలిశాక కూడా కళ్లకి అది వృథా జాగాలాగే కనిపించింది.

ఆదివారం మాత్రం ఆ ట్రాక్ మీదకి వెళ్లకండి. బావ "వీల్ పట్టుకో రా, హాయిగా ఉంటది" అంటే ఆశపడి మీటరు దూరంలోకి వెళ్లాను. మోచేతులు ఏరోబార్ల (హ్యాండిల్ నుంచి ముందుకు సాగి ఉండే కడ్డీల) మీద ఉన్నాయి, బ్రేకులు అక్కడ చేతికి అందవు. అద్దె సైకిల్ మీద ఒక పిల్లాడు ఉన్నట్టుండి అడ్డం తిరిగాడు. బావ ఆగాడు. నా ముందు చక్రం అతని వెనక చక్రాన్ని రాసుకుంటూ పక్కకి పోయింది. పడలేదు, కానీ టైరు రాసుకున్న ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. ఇలాంటప్పుడు పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాడే.

ఎత్తుపల్లాల కోసం చేవెళ్ల రోడ్డుకి వెళ్దామన్నాడు బావ. మర్రిచెట్ల నీడ, అందం, అన్నీ నిజమే. కానీ 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర టిప్పర్ బస్సుని ఢీకొని 19 మంది పోయిన రోడ్డు అది. వద్దన్నాను. గండిపేట వైపు సర్వీస్ రోడ్డు మీద తెల్లారే తొక్కాం. చిన్న ఎక్కుడు వచ్చినా గుంపు దానంతటదే సాగిపోతుంది, వీల్ పట్టుకున్నా పెద్దగా ఒరిగేది ఉండదు. చదునుగా, లూప్‌లు లూప్‌లుగా ఉండే కోర్సులో మాత్రం 12 మీటర్లు ఉంచుదామనుకున్నా పక్కనుంచి ఎవరో ఒకరు వచ్చి దూరతారు. వచ్చే ఏడాది రేసు ఎంచుకునేటప్పుడు టైమింగ్ కంటే ముందు మ్యాప్‌లో ఎత్తుల గీతే చూస్తాను.

ఈతకి మాత్రం హైదరాబాద్ వల్ల లాభం లేదు. గండిపేట తాగునీటి చెరువు, అందులో దిగనివ్వరు. ఈత కొలను అడుగున నల్లగీత చూసుకుంటూ ఈదితే సముద్రంలో దిక్కు తెలియడం రాదు.

తిరుగు బస్సులో గేర్ల వైపు పైకి ఉండేలా సైకిల్ పెట్టించి, డిక్కీ మూసేదాకా అక్కడే నిలబడ్డాను.