పాథోమా రివ్యూ: గుండె, రక్తనాళాల చాప్టర్ల వరకు

అమెరికాలో డాక్టర్ లైసెన్స్ కోసం రాసే యూఎస్ఎంఎల్ఈ పరీక్ష స్టెప్ 1కి చదివేవాళ్లకు పాథోమా (పాథాలజీ, అంటే వ్యాధుల శాస్త్రం నేర్పే పుస్తకం, వీడియోల కోర్సు) గురించి కొత్తగా చెప్పేదేం లేదు గానీ, రక్తనాళాల మీద ఉన్న 7వ చాప్టర్, గుండె మీద ఉన్న 8వ చాప్టర్ గురించి మాత్రం చెప్పి తీరాలి. గుండెపోటు తర్వాత కండరంలో ఎప్పుడు ఏం జరుగుతుందో పాథోమా రూపొందించిన డాక్టర్ సత్తార్ చెప్పే తీరు సూపర్: మొదటి రోజు కణాలు చచ్చిపోతాయి, 1-3 రోజుల్లో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) వచ్చి పడతాయి, 4-7 రోజుల్లో మాక్రోఫేజ్‌లు (చచ్చిన కణాల్ని మింగే కణాలు) ఆ చెత్తంతా తినేస్తుంటే గోడ మెత్తబడి చిరిగే ప్రమాదం, ఆ తర్వాత గ్రాన్యులేషన్ టిష్యూ (గాయం మానేటప్పుడు పుట్టే కొత్త కణజాలం), నెలలు గడిచాక తెల్లటి మచ్చ. ఎందుకో తెలిశాక ఇక బట్టీ దేనికి? వాస్క్యులైటిస్‌ని (రక్తనాళాల వాపుని) పెద్ద, మధ్య, చిన్న నాళాలుగా విడదీసి చెప్తారు, అయినా పి-ఆంకా, సి-ఆంకా (చిన్న నాళాల జబ్బుల్ని గుర్తించడానికి రక్తంలో చూసే యాంటీబాడీలు) తలనొప్పి తప్పదు, అది ఆయన తప్పు కాదులెండి.

మన ఎంబీబీఎస్ థియరీకి మాత్రం ఇదొక్కటే నమ్ముకుంటే కష్టం. రుమాటిక్ హార్ట్ డిసీజ్ (రుమాటిక్ జ్వరం వల్ల వచ్చే గుండె జబ్బు) మీద పెద్ద ప్రశ్న పడితే ఆషాఫ్ బాడీ (ఆ జబ్బులో గుండెలో మైక్రోస్కోప్ కింద కనిపించే గుర్తు) బొమ్మ వేసి పేజీలు నింపాలి, ఇందులో దొరికేది నాలుగు ముక్కలే. ముందు వీడియో చూసి, తర్వాత టెక్స్ట్‌బుక్ తెరవండి, తేలిగ్గా బుర్రకెక్కుతుంది. స్పాటర్లకైతే (ప్రాక్టికల్స్‌లో నమూనా చూసి గుర్తుపట్టే ప్రశ్నలకైతే) కాలేజీ మ్యూజియమే దిక్కు.