హీట్ పంప్ వాటర్ హీటర్: నాలుగు చలికాలాల తర్వాత

2021 చివర్లో హన్మకొండలోని మా ఇంట్లో మూడు గీజర్లు తీసేసి, 200 లీటర్ల హీట్ పంప్ ఒకటి పెట్టించాం. కింద అమ్మ, బాపు, మేము. పైన తమ్ముడి కుటుంబం. బిల్లు తగ్గింది, బాగానే తగ్గింది. అయినా అడిగిన ప్రతివాళ్ళకూ కొనమని చెప్పడం లేదు.

పెట్టిన కొత్తలో బాపు అడిగిన ప్రశ్న ఇప్పటికీ అందరూ అడుగుతారు. "గాలిల నుంచి వేడి తీసుడేందిరా? చలికాలంల గాలికే దిక్కులేదు, ఇగ నీళ్ళెట్ల కాగుతయ్?" లోపల తిరిగే గ్యాస్ సున్నా కంటే చాలా తక్కువ దగ్గరే మరుగుతుంది. మనకు వణుకు పుట్టించే 13 డిగ్రీల గాలి కూడా దానికి వేడే. ఆ వేడి తీసుకుని ఆవిరైన గ్యాస్‌ను కంప్రెసర్ నొక్కితే ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడి ట్యాంకు నీళ్ళకు ఎక్కుతుంది. ఏసీ గదిలోని వేడిని బయట పారేస్తుంది, ఇది బయటి వేడిని ట్యాంకులో పోస్తుంది, అంతే తేడా. కరెంటు ఖర్చయ్యేది కంప్రెసర్‌కూ ఫ్యాన్‌కూ మాత్రమే.

గీజర్ లెక్క వేరు. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో కేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు ఇచ్చేది 860 కిలో కేలరీలు. అంటే 100 లీటర్లను 20 డిగ్రీల నుంచి 45కు తేవడానికి దాదాపు మూడు యూనిట్లు. బకెట్లో వేసే రాడ్డయినా, ఐదు స్టార్ల గీజరైనా ఈ లెక్క తప్పించుకోలేవు. గీజర్ మీద ఉండే స్టార్లు, కాగిన నీళ్ళు ఊరికే నిలవున్నప్పుడు ఎంత వేడి పోగొట్టుకుంటాయో చెప్పేవే. షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు.

హీట్ పంప్‌కు విడిగా చిన్న సబ్‌మీటర్ పెట్టించాను. డిసెంబర్, జనవరిలో రోజుకు రెండున్నర యూనిట్ల దగ్గర తిరుగుతుంది. అంతే నీళ్ళకు గీజర్లయితే ఏడు, ఎనిమిది తాగేవి. చలికాలంలో మాది నెలకు 200 యూనిట్లు దాటే ఇల్లే. 300 దాకా యూనిట్‌కు 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. తగ్గేవి ఆ పై స్లాబ్ యూనిట్లే కాబట్టి నెలకు వెయ్యి రూపాయల పైన మిగులుతోంది. విచిత్రమేమిటంటే ఈ మిషన్ బ్రహ్మాండంగా పనిచేసేది మే నెలలో. గాలి 43 డిగ్రీలుంటే నీళ్ళు ఇట్టే కాగిపోతాయి, కానీ అప్పుడు వేడినీళ్ళు అమ్మకూ బాపుకూ తప్ప ఎవరికీ అక్కర్లేదు. మీద ట్యాంకులోవే కాలుతుంటాయి.

దీన్ని వాష్ ఏరియాలో పెట్టాం. నడుస్తున్నంతసేపూ చల్లగాలి కొడుతుంది. అమ్మ దాన్ని వదల్లేదు. బతుకమ్మ ముందురోజు సాయంత్రం తెచ్చిన తంగేడు, గునుగు పూలను తడిగుడ్డ కప్పి దాని ముందు పెడుతుంది, తెల్లారేసరికి వాడకుండా ఉంటాయి. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పైపు నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. కింద బకెట్ పెట్టకపోతే గచ్చంతా తడి.

ఇక ఇబ్బందులు. మొదటిది, ఓపిక కావాలి. ట్యాంకు మొత్తం చల్లబడితే మళ్ళీ కాగడానికి మూడు గంటల దాకా పడుతుంది. సంక్రాంతికి చుట్టాలొస్తే చివర స్నానానికి వెళ్ళినవాళ్ళకు గోరువెచ్చని నీళ్ళే. రెండోది, కంప్రెసర్ చప్పుడు. పడకగది గోడకు ఆనించి పెట్టించుకోకండి.

అసలు టెన్షన్ మాత్రం సర్వీస్‌తోనే. రెండో ఏడు వానాకాలంలో ఓల్టేజీ ఎగిరి, మిషన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు (పీసీబీ) పోయింది. ఇక్కడ ఆ పని తెలిసినవాళ్ళు దొరకలేదు, కంపెనీ మనిషి హైదరాబాద్ నుంచి రావాలన్నారు. వారాలు గడిచాయి. చివరికి వచ్చినతను బోర్డు మార్చి, మోడ్‌ను హీటర్ మీదే వదిలేసి వెళ్ళాడు. ఈ ట్యాంకులో అవసరానికని మామూలు గీజర్ కాయిల్ ఒకటి ఉంటుంది, నెలంతా అదే నడిచింది. సబ్‌మీటర్ చూస్తే గాని తెలియలేదు. లక్ష దాటిన మిషన్ గీజర్ పని చేసింది! ఇప్పుడు స్టెబిలైజర్ పెట్టాం.

మా బోరు నీళ్ళు ఉప్పు. గీజర్ కాయిల్‌కు ఏడాది తిరిగేసరికి తెల్లటి పెంకు కట్టేది. ఇందులో గ్యాస్ కాయిల్ ట్యాంకు బయట చుట్టి ఉంటుంది, నీళ్ళకు తగలదు, ఆ బాధ లేదు. లోపల ట్యాంకు తుప్పు పట్టకుండా ఉండే మెగ్నీషియం కడ్డీ మాత్రం కరిగిపోతూ ఉంటుంది, అప్పుడప్పుడు తీయించి చూడాలి.

సోలార్ వాటర్ హీటర్ ఎందుకు పెట్టలేదని అడుగుతారు. చలికాలంలో ఇక్కడ ఎండకు కొదవ లేదు, నిజానికి అదే చవక. కానీ మా కాలనీ కోతులు గాజు గొట్టాలను బతకనివ్వవు.

గది వేడికీ ఇదే లెక్క. ఆదిలాబాద్‌లో మా బావ వాళ్ళు 2,000 వాట్ల రూం హీటర్ వాడేవాళ్ళు, ఇప్పుడు చలికాలంలో బయటి వేడిని గదిలోకి తెచ్చే హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ. గది వెచ్చబడ్డాక అది హీటర్‌లో సగం కరెంటు కూడా లాగదట. ఎండాకాలానికి ఎలాగూ ఏసీ కొనాల్సిందే కాబట్టి అక్కడ అదనపు ఖర్చు కొంచెమే.

కాజీపేటలో ఫ్లాట్ కొన్న మా చెల్లె, "నాకూ అదే పెట్టియ్యన్నా" అంది. ఇంట్లో ముగ్గురు, వేడినీళ్ళు దీపావళి నుంచి శివరాత్రి దాకే. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాళ్ళకు జీరో బిల్లు, రోజుకు రెండు బకెట్లు కాచుకున్నా ఆ గీత దాటరు. పైగా ఆ మిషన్‌కు గాలాడే జాగా బాల్కనీలో కూడా లేదు. 15 లీటర్ల గీజర్ చాలన్నాను.